ట్యూనా నోట్లో చురుక్కుమంటే అక్కడితో ఆపేయండి

సుషీ (వెనిగర్ కలిపిన అన్నంతో, ఎక్కువగా పచ్చి చేపతో చేసే జపాన్ వంటకం) ఇష్టంగా తినేవాళ్లందరికీ ఈ విషయం తెలియాలని రాస్తున్నాను. ట్యూనా చేప ముక్క నోట్లో పెట్టుకోగానే మిరియం కొరికినట్టు నాలుక, పెదాలు చురుక్కుమంటే ఆ ముక్క మింగకండి. తీసి పక్కన పెట్టేయండి. ప్లేట్లో మిగిలిన ట్యూనా కూడా ముట్టుకోకండి. అది వసాబి (సుషీతో ఇచ్చే ఆకుపచ్చ ఘాటు ముద్ద) ఘాటేనని ఎవరు సర్దిచెప్పినా నమ్మొద్దు. వసాబి ముక్కులోకి ఎక్కుతుంది, కళ్లలో నీళ్లు తెప్పిస్తుంది, కాసేపటికే దిగిపోతుంది. నేను చెప్పే చురుకు నాలుక మీద, పెదాల మీద ఉండిపోతుంది.

మా చెల్లికి ఇదే జరిగింది. ఇంటికి దగ్గర్లోని ఒక సుషీ రెస్టారెంట్‌కి నేను, మావారు, చెల్లి కలిసి వెళ్లాం. ఫిర్యాదు మీద విచారణ నడుస్తోంది కాబట్టి ఆ రెస్టారెంట్ పేరు రాయడం లేదు. అక్కడ మాకు కనిపించినవి చెప్తాను, మీరు ఎక్కడ తిన్నా పనికొస్తాయి.

ముందు రోల్స్ వచ్చాయి. అన్నం ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసినట్టు చల్లగా, పలుకు పలుకుగా, గట్టిగా ఉంది. అంటే ఎప్పుడో చుట్టి పెట్టేసినవన్నమాట. తర్వాత నిగిరి, అంటే అన్నం ముద్ద మీద చేప ముక్క పెట్టి ఇచ్చేది, వచ్చింది. దాని మీది ట్యూనా ముక్కేమో వేలికి వెచ్చగా తగిలింది. ఇది పూర్తిగా తలకిందుల వ్యవహారం. సుషీ అన్నంలో వెనిగర్ కలుపుతారు. సరిపడా కలిపితే పులుపుని కొలిచే పీహెచ్ 4.6 కన్నా కిందికి దిగుతుంది, ఆ పులుపులో ప్రమాదకరమైన బ్యాక్టీరియా పెరగడం కష్టం. కాబట్టి అన్నం గోరువెచ్చగా ఉంటే కంగారు పడక్కర్లేదు, మంచి సుషీలో అలాగే ఉంటుంది. చల్లగా ఉండాల్సింది చేప. దాదాపు 4 డిగ్రీల దగ్గర ఉంచాలి.

మేం కౌంటర్ దగ్గరే కూర్చున్నాం కాబట్టి లోపల జరిగేదంతా కనిపించింది. అద్దాల చిల్లర్ పక్కనే ఉంది. అయినా ట్యూనా దిమ్మ మాత్రం మేం వచ్చినప్పటి నుంచి కోసే పలక మీదే ఉంది. ఆర్డర్ వచ్చినప్పుడల్లా దాన్నుంచి నాలుగు ముక్కలు కోస్తున్నారు, మిగతాది అక్కడే వదిలేస్తున్నారు. అంచులు గోధుమ రంగుకి తిరిగాయి, కింద పలక మీద ఎర్రటి నీరు చేరింది. పైనుంచి లైటు వేడి.

రెండో ముక్క తింటూ చెల్లి, "అక్కా, ఇదేంటి, నోరంతా చురచురలాడుతోంది" అంది. వెయిటర్‌ని పిలిచి చెప్తే, "వసాబి కొంచెం ఎక్కువ పడి ఉంటుంది మేడమ్" అని నవ్వి వెళ్లిపోయాడు. అరగంట తిరక్కుండానే దాని మొహం, మెడ, చెవులు ఎర్రగా కందిపోయాయి. తల పగిలిపోతోందంది, గుండె దడదడలాడుతోందంది, మెడ కింద దద్దుర్లు లేచాయి. మేనేజర్ వచ్చి చూసి, "మీ చెల్లెలుగారికి చేపలు పడవేమో. అదే ప్లేట్లోది మీరూ తిన్నారు కదండీ, మీకేం కాలేదుగా?" అన్నాడు. పలక మీదున్న చేపని చూపించి అడిగితే సమాధానం లేదు. బిల్లు మాత్రం మొత్తం కట్టించుకున్నారు.

చిన్నప్పటి నుంచి చేప తింటున్న పిల్ల, ఏనాడూ ఏమీ కాలేదు. ఆసుపత్రిలో డాక్టర్‌గారు వెంటనే మూడు ప్రశ్నలు వేశారు: ఏ చేప, తిన్నాక ఎంతసేపటికి మొదలైంది, నోట్లో మంటగా అనిపించిందా. విని, ఇది అలర్జీ కంటే హిస్టమిన్ పాయిజనింగ్‌లా ఉందన్నారు. స్కాంబ్రాయిడ్ అని కూడా అంటారట. యాంటీహిస్టమిన్ ఇచ్చి కొన్ని గంటలు పరిశీలనలో ఉంచారు. మర్నాటికి తేరుకుంది.

ట్యూనా, మాకెరెల్, సార్డిన్, మాహీమాహీ లాంటి చేపల కండలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉంటుంది. చేప చచ్చాక దాన్ని చల్లగా ఉంచకపోతే బ్యాక్టీరియా ఆ హిస్టిడిన్‌ని హిస్టమిన్‌గా మార్చేస్తుంది. అలర్జీ వచ్చినప్పుడు మన ఒంట్లో విడుదలయ్యేది కూడా హిస్టమినే. అందుకే లక్షణాలు అచ్చం అలర్జీలాగే ఉంటాయి, అందుకే రెస్టారెంట్లకి "మీకు పడలేదు" అని తప్పించుకోవడం అంత సులువు. తిన్న కొన్ని నిమిషాల నుంచి గంట లోపు మొదలవడం మామూలు. ఆహార ప్రమాణాలు నిర్ణయించే అంతర్జాతీయ సంస్థ కోడెక్స్ ప్రకారం కిలో చేపలో 200 మిల్లీగ్రాములకు మించి హిస్టమిన్ ఉండకూడదు.

"మీకేం కాలేదుగా" అన్న మాటకు కూడా డాక్టర్‌గారి దగ్గరే జవాబు దొరికింది. హిస్టమిన్ చేప అంతటా ఒకేలా ఉండదు. ఒకే దిమ్మలో ఒక పక్క ఎక్కువ, ఇంకో పక్క తక్కువ ఉండొచ్చు. పక్కన కూర్చున్నవాళ్లు బాగున్నారు కాబట్టి చేప బాగుందనడం తప్పు.

అన్నిటికంటే భయపెట్టేది ఇంకోటుంది. హిస్టమిన్ ఒకసారి తయారయ్యాక వండినా పోదు, ఫ్రీజ్ చేసినా పోదు. వాసన కూడా రాకపోవచ్చు. కాబట్టి పచ్చిది వద్దులే, అదే ట్యూనాని కాల్చి ఇవ్వమందాం అనుకుంటే లాభం లేదు. పడవ మీద చెడిందో, దారిలో చెడిందో, ఈ పలక మీదే చెడిందో నేను చెప్పలేను. కానీ చిల్లర్ పక్కనే పెట్టుకుని చేపని బయట వదిలేసేవాళ్లు సరుకు దించుకునేటప్పుడు మాత్రం జాగ్రత్త పడతారని నేననుకోను.

రంగు చూసి కూడా మోసపోవద్దు. అంచులు గోధుమ రంగుకి తిరిగితే గాలి తగిలి, పాతబడుతోందని అర్థం. అలాగని మరీ మెరిసిపోయే గులాబీ ఎరుపు ఉంటే తాజాగా ఉన్నట్టూ కాదు. కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పట్టించిన ట్యూనా లోపల పాడవుతున్నా పైకి ఎర్రగానే కనిపిస్తుంది. యూరోపియన్ యూనియన్‌లో అలా చేయడం నిషేధం.

ఆ రోజు మెనూలో "వైట్ ట్యూనా" కూడా ఉంది. ఏ చేప అని అడిగితే, "వైట్ ట్యూనా అంటే వైట్ ట్యూనానే" అన్నారు. ఆ పేరు ట్యూనాలోనే ఒక రకమైన ఆల్బకోర్‌కి చెందాలి. చాలాచోట్ల ఆ పేరుతో ఎస్కొలార్ అనే చేప పెట్టేస్తుంటారు. దాని నూనెలో మనకు అరగని మైనం లాంటి పదార్థం ఉంటుంది, ఎక్కువ తింటే విరేచనాలు ఆగవు. జపాన్‌లో 1977 నుంచే దాన్ని నిషేధించారు. చేప పేరు చెప్పలేనివాళ్ల దగ్గర పచ్చి చేప తినకండి.

"మాది ఎప్పుడూ ఫ్రీజ్ చేయని చేప" అని గొప్పగా చెప్పినా పొంగిపోవద్దు. పచ్చిగా తినే చాలా రకాల చేపల్ని అనిసాకిస్ లాంటి పరాన్నజీవులు చావడానికి మైనస్ 20 డిగ్రీల్లో 7 రోజులు గానీ, మైనస్ 35లో గట్టిగా గడ్డకట్టించి అదే చలిలో 15 గంటలు గానీ ఉంచాలని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెప్తుంది. ట్యూనాలో కొన్ని రకాలకు, దాణా మీద పెంచిన సాల్మన్‌కు మినహాయింపులున్నాయి. సముద్రంలో పట్టిన సాల్మన్‌కి మాత్రం అవి వర్తించవు. ఎలా ఫ్రీజ్ చేశారో అడిగితే మంచి చెఫ్ విసుక్కోకుండా చెప్తాడు. గర్భిణులు, రోగనిరోధక శక్తి తక్కువున్నవాళ్లు ఎంత మంచి చోటైనా సరే పచ్చి చేపకు దూరంగా ఉండాలి. టీబీకి ఐసోనియాజిడ్ వాడుతున్నవాళ్లకు హిస్టమిన్ ప్రభావం ఇంకా తీవ్రంగా ఉంటుంది, వాళ్లు ట్యూనా విషయంలో మరీ జాగ్రత్త.

మీకు ఇలా జరిగితే ముందు ఆసుపత్రికి వెళ్లండి. ఊపిరి అందకపోయినా, గొంతు, పెదాలు వాచినా, కళ్లు తిరిగినా ఒక్క నిమిషం కూడా ఆగొద్దు, నిజమైన అలర్జీ అయినా అయ్యుండొచ్చు. మీతో ఇంకెవరైనా ఉంటే మిగిలిన చేప ముక్కని వదిలిరావద్దని చెప్పండి. పార్శిల్ కట్టించుకుని, కవర్లో మూసి ఫ్రీజర్‌లో పెట్టించండి. హిస్టమిన్ ఫ్రీజర్‌లో పోదు కాబట్టి తర్వాత పరీక్ష చేయించొచ్చు. మావారు అలాగే తెచ్చారు, మా దగ్గర ఆధారం అంటూ మిగిలింది అదే. బిల్లు, ఫోటోలు, తిన్న టైమ్, లక్షణాలు మొదలైన టైమ్ రాసి పెట్టుకోండి. డాక్టర్ చీటీలో "అలర్జీ" అని మాత్రమే రాస్తే, తిన్న చేప పేరు కూడా రాయమని అడగండి.

ముక్కని, కాగితాలన్నిటినీ ఆహార భద్రతా అధికారులకి ఇచ్చాం. ఒక్కరి ఫిర్యాదే అయితే వ్యక్తిగత అలర్జీ కింద కొట్టేసే అవకాశం ఉంటుంది. ఒకేచోట తిన్న ఇద్దరికి ఇవే లక్షణాలని తేలితే అప్పుడు దాన్ని ఫుడ్ పాయిజనింగ్‌గా చూస్తారు, సప్లయర్ దాకా వెళ్తారు. కాబట్టి ఎక్కడైనా ట్యూనా తిన్నాక మొహం ఎర్రబడి, తలనొప్పి వచ్చి, ఏదో పడలేదులే అని మీరు ఊరుకుని ఉంటే, ఇప్పుడైనా అధికారులకి రాసి ఇవ్వండి. తేదీ, రెస్టారెంట్ పేరు, తిన్న ఐటమ్, ఈ మూడూ తప్పకుండా ఉండాలి.