పెడల్ స్టీల్ గిటారులో తీగ శ్రుతి దించే లివరు మొరాయిస్తే స్ప్రింగు బిగించాలా, రాడ్డు బెజ్జం మార్చాలా?

గుంటూరు బ్రాడీపేట నుంచి బావమరిది ఫోను. "బావా, నాలుగో తీగ దిగుతోంది గానీ వదిలితే పూర్తిగా పైకి రావట్లా. స్ప్రింగు ఇంకాస్త బిగించేస్తున్నా."

"ఆగవోయ్, స్ప్రింగు జోలికి ఇప్పుడే పోకు," అన్నాను.

అమెరికా నుంచి చుట్టాల సామాన్లలో వచ్చిన పెడల్ స్టీల్ గిటారు అది. బల్లలా నిలబెట్టి, కాలి పెడళ్లతో, మోకాలి లివర్లతో తీగల శ్రుతి పెంచుతూ దించుతూ వాయించే గిటారన్నమాట. ఆదివారం చర్చిలో వాయిస్తాడు. హార్మోనియం బాగుచేసేవాళ్లు మన దగ్గర దొరుకుతారు గానీ దీన్ని విప్పి చూసినవాళ్లు నాకింతవరకూ తగల్లేదు. కాబట్టి స్క్రూడ్రైవర్ పట్టేది మనమే.

వాడి లివరు 4, 8 తీగల్ని 'ఈ' (E) నుంచి అర స్వరం దించి 'డి షార్ప్' చేస్తుంది. మోకాలితో నెడితే రాడ్డు లాగుతుంది, చేంజర్‌లో (తీగల కొసలు తగిలించే భాగంలో) దించే ఫింగర్ అనే చిన్న లోహపు మీట కదులుతుంది, తీగ వదులవుతుంది. మోకాలు తీస్తే స్ప్రింగు ఆ ఫింగర్‌ని వెనక్కి లాగి దాని స్టాపుకి ఆనించాలి. తీగ పైకి రాలేదంటే ఫింగర్ స్టాపుకి చేరలేదన్నమాట. ఎందుకు చేరలేదన్నదే తేల్చుకోవాలి.

ముందు పైసా ఖర్చు లేని పని. లివరు వదిలేసి, పక్క పలకలో, రాడ్డు కొసకి ఉన్న నైలాన్ నట్టుని రెండు వేళ్లతో పట్టుకుని ముందుకీ వెనక్కీ కదపాలి. కాస్త ఆడాలి. వాడిది ఆడలేదు, రాడ్డు బిర్రుగా ఉంది. అంటే లివరు ముట్టుకోకముందే రాడ్డు ఫింగర్‌ని కొంచెం లాగి పట్టుకుంది. ఇలాంటప్పుడు స్ప్రింగు ఎంత బిగించినా లాభం లేదు, రాడ్డు వదిలితేగా! జనం ఏం చేస్తారంటే, వట్టి తీగ దిగిపోయిందని బిరడా తిప్పి శ్రుతి చేస్తారు. దాంతో దించిన స్వరం చెడుతుంది. మళ్లీ నట్టు బిగిస్తారు. కుక్క తన తోక వెంట తిరిగినట్టు అదో తంతు.

నట్టు వదులు చేయించాను. తీగ చక్కగా పైకొచ్చింది, కానీ ఈసారి 'డి షార్ప్' దాకా దిగలేదు. అసలు జబ్బు అప్పుడు బయటపడింది. రాడ్డుకి లాగుడు చాలక, ఆ లోటుని ఇన్నాళ్లూ నట్టుతో పూడుస్తున్నాడు. లివరు స్టాపు స్క్రూ కాస్త వెనక్కి తిప్పితే సరిపోవచ్చు. మోకాలు మరీ దూరం జరగాల్సి వస్తే బెల్‌క్రాంక్‌లో (లివరు కదిలితే రాడ్డుని లాగే, బెజ్జాలున్న చిన్న మీటలో) రాడ్డుని ఇరుసుకి దూరంగా ఉన్న బెజ్జంలోకి మార్చాలి. మోకాలు అంతే కదిలినా రాడ్డు ఎక్కువ లాగుతుంది. బదులుగా లివరు కొంచెం బరువవుతుంది. ఎనిమిదో తీగ కూడా నాలుగో తీగతో పాటే కదలడం మొదలుపెడుతోందా లేదా అన్నది చూసుకోవాలి.

ఆరో తీగని 'జి షార్ప్' నుంచి 'ఎఫ్ షార్ప్' దాకా దించేవాళ్లకీ ఇంతే, అక్కడ కావలసింది లాగుడు. చుట్టు తీగ (పైన సన్నటి తీగ చుట్టి ఉన్నది) తీసేసి 0.020 అంగుళాల సాదా తీగ వేస్తే సగం పోరు తీరుతుంది.

మరి స్ప్రింగు బిగించాల్సింది ఎప్పుడంటారా? అదే తీగని పెంచే పెడల్ తొక్కి, దించే ఫింగర్ వైపు చూడండి. స్టాపు వదిలి కదిలిందంటే స్ప్రింగు నీరసపడింది. కదల్లేదంటే దాన్ని ముట్టుకోవద్దు. నేను ముట్టుకున్నాను. విజయవాడ ఆటోనగర్‌లో ఒకాయన చేత కొత్త స్ప్రింగు చుట్టించుకొచ్చాను. తీగ ఠక్కున పైకొచ్చేది నిజమే, కానీ లివరు మాత్రం పాత లారీ క్లచ్చు! రెండు పాటలయ్యేసరికి మోకాలు లాగేసింది. ఫింగర్‌ని స్టాపుకి చేర్చేంత బలం ఉంటే చాలు, అంతకు మించిందంతా మోకాలికే భారం.

అందుకే నా ఓటు బెజ్జానికే. స్ప్రింగు మార్చడం తేలిక, బెజ్జం మార్చాలంటే గిటారుని బోర్లా పడుకోబెట్టి గంట కూర్చోవాలి, ఒప్పుకుంటా. ఇంకోమాట, ఏసీ గదిలో శ్రుతి చేసుకుని, కరెంటు పోయాక ఆ ఉక్కలో నట్టు తిప్పొద్దు. ముందు వట్టి తీగల శ్రుతి సరిచూసుకోవాలి.

సాయంత్రం మళ్లీ ఫోను. "బెజ్జం మార్చా బావా, దిగుతోంది, వస్తోంది. కానీ ఐదో తీగ 'బి'తో కలిపి మీటి చెవికి ఇంపుగా పెడితే ట్యూనర్‌లో 'డి షార్ప్' 14 సెంట్లు తక్కువ చూపిస్తోంది. నట్టు వదలనా?"

సెంటంటే అర స్వరంలో నూరో వంతు. 'బి'ని 'సా' అనుకుంటే ఆ 'డి షార్ప్' అంతర గాంధారం. తంబురా పక్కన పాడేవాళ్లు నిలిపేదీ అక్కడే.

"ట్యూనర్ కట్టెయ్," అన్నాను.