నిక్–నోరానా, పామ్–జెర్రీనా? యుద్ధకాలపు రేడియో డిటెక్టివ్ దంపతుల్లో ఎవరు మేలు?

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికన్ రేడియోలో హంతకుల్ని పట్టుకునే మొగుడూ పెళ్లాల జంటలు రెండు బాగా పేరు తెచ్చుకున్నాయి. 1941 జులైలో ఎన్‌బీసీ రేడియోలో మొదలైన ‘అడ్వెంచర్స్ ఆఫ్ ది థిన్ మ్యాన్’ ఒకటి, అందులో జంట నిక్, నోరా. 1942 డిసెంబరు 30న అదే ఎన్‌బీసీలో మొదలైన ‘మిస్టర్ అండ్ మిసెస్ నార్త్’ రెండోది, అందులో జంట పామ్, జెర్రీ. తమాషా ఏమిటంటే, మొదటిదానికి డబ్బు పెట్టిన వుడ్‌బరీ సబ్బువాళ్లే దాన్ని వదిలి రెండోదాన్ని ఎత్తుకున్నారు.

పేరు మాత్రం మొదటిదానిదే. డాషియెల్ హామెట్ నవల, దాని మీద విలియం పావెల్, మిర్నా లాయ్ నటించిన సినిమాలు అప్పటికే ఊరంతా తెలుసు. నిక్ రిటైరైన డిటెక్టివ్, నోరా డబ్బున్న ఇంటి పిల్ల. ఇద్దరి మాటల్లోనూ సరసం, ఎత్తిపొడుపు, మధ్యమధ్య మందు. నోరాగా క్లాడియా మోర్గన్ గొంతు వింటే మిర్నా లాయే మాట్లాడుతోందేమో అనిపిస్తుంది. నిక్ వేసిన లెస్ డామన్ 1943లో యుద్ధానికి వెళ్లిపోతే లెస్ ట్రెమేన్ వచ్చాడు, ఆ తర్వాత డేవిడ్ గోథార్డ్. మొగుళ్లు మారారు గానీ పెళ్లాం మారలేదు! ఇంత చేసినా, చిక్కుముడి విప్పే ఘట్టం వచ్చేసరికి పని నిక్‌దే. నోరా పక్కన నిలబడి చమత్కరిస్తుంది, అంతే.

నాకు నార్త్ దంపతులు ఎక్కువ నచ్చడానికి కారణం అక్కడే ఉంది. జెర్రీ పుస్తకాల పబ్లిషరు, పామ్ గృహిణి. ఇద్దరిలో ఎవరూ డిటెక్టివ్ కారు. పామ్ మాటలు ఎక్కడో మొదలై ఎక్కడికో పోతాయి. జెర్రీ తల పట్టుకుంటాడు, పోలీసు లెఫ్టినెంట్ వైగాండ్ ఓపిగ్గా వింటాడు, సార్జెంట్ ముల్లిన్స్‌కి ఏమీ అర్థం కాదు. తీరా చూస్తే హంతకుడి జాడ ఆ పొంతన లేని మాటల్లోనే ఉంటుంది. పామ్ వేసిన ఆలిస్ ఫ్రాస్ట్ దాన్ని ఎంత అమాయకంగా పలుకుతుందో! కథలు కొన్నిసార్లు పలచనే, అరగంటలో శవమూ దొరకాలి, దొంగా దొరకాలి కదా. అయినా 1946లో, డిటెక్టివ్ కథలకిచ్చే ఎడ్గార్ అవార్డుల్లో తొలిసారే, రేడియో నాటక బహుమతిని ఈ కార్యక్రమం ఎల్లెరీ క్వీన్ అనే మరో డిటెక్టివ్ కార్యక్రమంతో కలిసి పంచుకుంది.

ఈ రెండింటిలోనూ ఏ వారం కథ ఆ వారమే. ‘తరువాయి వచ్చేవారం’ అనే ఉత్కంఠ కావాలంటే ఇంగ్లండు వెళ్లాల్సిందే. బీబీసీ 1938లో బర్మింగ్‌హామ్ నుంచి మొదలుపెట్టిన పాల్ టెంపుల్ అసలు సిసలు సీరియల్. రచయిత పాల్, స్టీవ్ అనే విలేకరి అమ్మాయి పెళ్లి చేసుకుంటారు, యుద్ధకాలంలోనూ జంటగా కేసులు పట్టారు. పాత రికార్డింగులు చాలావరకు పోయాయి. కొన్నిటిని 2006 నుంచి బీబీసీయే పాత స్క్రిప్టులతో మళ్లీ చేసింది.

కొత్తగా వినేవాళ్లు జెర్రీగా జోసెఫ్ కర్టిన్, పామ్‌గా ఆలిస్ ఫ్రాస్ట్ చేసిన నార్త్ ఎపిసోడ్లతో మొదలుపెట్టండి. థిన్ మ్యాన్ ఎపిసోడ్లు మిగిలినవే బహు కొద్ది. 1934 నాటి సినిమా చూసి, ఆ తర్వాత ఒకటీ అరా వింటే చాలు.