బ్రూజ్‌లో సెయింట్ జాన్ ఆసుపత్రి మ్యూజియం: ఒక నర్సు చూపు

బెల్జియంలో కొడుకో బిడ్డో ఉన్న వరంగల్ వాళ్లు బ్రూజ్ వెళ్తే చాక్లెట్ దుకాణాల దగ్గరే ఆగిపోవద్దు. మన వేయిస్తంభాల గుడి (1163) కట్టిన శతాబ్దంలోనే మొదలైన ఆసుపత్రి ఇప్పుడక్కడ మ్యూజియం.

నైట్ డ్యూటీలు చేసి రిటైరైన నర్సును కదా, ముందు నా కన్ను పడింది యాన్ బీర్‌బ్లాక్ 1778 ప్రాంతంలో గీసిన వార్డు బొమ్మ మీద. వరుసగా చెక్క మంచాలు, సేవ చేస్తున్న సన్యాసినులు, రోగిని మోసుకొచ్చే పల్లకి. అటెండెంట్ల గుంపు తప్ప అన్నీ తెలిసినవే!

ఇక్కడ అసలు పేరున్నది మాత్రం చిత్రకారుడు హాన్స్ మెమ్లింగ్‌కే. ఆయన బొమ్మలేసిన, 1489 నాటి సెయింట్ ఉర్సులా (మతం కోసం ప్రాణమిచ్చిన క్రైస్తవ పునీతురాలు) అస్థికల పేటిక ఎత్తు మూడడుగులే. రెండు పక్కలా కలిపి ఆరు బొమ్మల్లో ఆమె యాత్ర, చివరికి జర్మనీలోని కొలోన్‌లో చావు. చేర్యాల పటంలా వరుసగా చూసుకుంటూ పోవాలి. రంగులు అద్భుతం. కానీ విల్లు ఎక్కుపెట్టిన వాడి ముందు ఆమె ముఖం అంత ప్రశాంతంగా ఉండటం నాకు నచ్చలేదు. చావు ముందు మనుషులు అట్లా ఉండరు.

పాత మందుల గది కూడా వదలొద్దు. 1971 దాకా పనిచేసిందట. జాడీలు, సొరుగులు చూస్తుంటే నాకు కాలు కదల్లేదు, మా అల్లుడికేమో బోర్ కొట్టింది.