ట్యాలీ ల్యాబ్, ఏఐఎస్ పేపర్: చదివిన పదేళ్లకు రాస్తున్న సమీక్ష

మా పిన్ని కూతురు ఈ ఏడాది ఎం.బి.ఏ. రెండో సంవత్సరంలోకి వచ్చింది. మొన్న ఫోన్ చేసి, "అక్కా, ఎలెక్టివ్‌లలో అకౌంటింగ్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ అని ఒకటుంది. నువ్వూ అదే చదివావు కదా, తీసుకోనా వద్దా? సీనియర్లేమో అంతా థియరీ, బోర్ అంటున్నారు" అని అడిగింది. ఫోన్‌లో రెండు ముక్కల్లో తేల్చలేకపోయాను. ఆ పేపర్ రాసి దాదాపు పదేళ్లయింది. అప్పట్నుంచి తింటున్న అన్నం ఆ పని మీదే. అందుకే కాస్త తీరిగ్గా రాస్తున్నాను.

ముందు నా సంగతి. ఇంటర్ సీఈసీ తెలుగు మీడియం. 2011 నుంచి 2014 దాకా బీకాం కంప్యూటర్స్, ఆ తర్వాత రెండేళ్లు ఎం.బి.ఏ. ఫైనాన్స్. డిగ్రీలో ట్యాలీ ల్యాబ్, అంటే లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ ప్రాక్టికల్స్. పీజీలో ఈ అకౌంటింగ్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ (ఏఐఎస్) పేపర్. చదువయ్యాక రెండేళ్లకు పైగా ఖమ్మంలోనే ఒక ఆడిటర్ గారి ఆఫీసులో చేశాను. 2018 చివరి నుంచి హైదరాబాద్‌లో ఒక విదేశీ కంపెనీ బ్యాక్ ఆఫీసులో, సప్లయర్ల బిల్లులు చెల్లించే టీమ్‌లో ఉన్నాను.

ట్యాలీ ల్యాబ్‌తో మొదలుపెడతాను. ఒక్కో కంప్యూటర్ ముందు ముగ్గురం. కీబోర్డు మధ్యలో కూర్చున్నవాళ్లది, మిగతా ఇద్దరిదీ చూసి నేర్చుకునే చదువు. అప్పుడు ట్యాలీ ఈఆర్‌పీ 9 నడుస్తోంది. కాలేజీలో దాన్ని ఎడ్యుకేషనల్ మోడ్‌లో తెరిచేవాళ్లు. లైసెన్స్ లేకుండా నేర్చుకోవడానికి ఉన్న ఆ మోడ్‌లో నెలలో ఒకటి, రెండు, ముప్పై ఒకటి తేదీలకే ఎంట్రీలు పడతాయి. దాంతో మా రికార్డుల్లో దేశంలోని వ్యాపారమంతా ఆ మూడు రోజుల్లోనే జరిగిపోయేది. ఒకటిన సరుకు కొంటారు, రెండున అమ్మేస్తారు, ముప్పై ఒకటిన జీతాలిస్తారు. మధ్యలో ఇరవై ఎనిమిది రోజులూ షాపు మూసి ఎక్కడికి పోయేవాళ్లో తెలియదు.

నవ్వుకునేవాళ్లం గానీ, ఆ ల్యాబ్ చేతివేళ్లకు నేర్పింది మాత్రం ఇప్పటికీ పోలేదు. ఎఫ్4 కాంట్రా, ఎఫ్5 పేమెంట్, ఎఫ్6 రిసీట్, ఎఫ్7 జర్నల్, ఎఫ్8 సేల్స్, ఎఫ్9 పర్చేజ్. 2020 నవంబరులో ట్యాలీప్రైమ్ వచ్చి స్క్రీన్ రూపమంతా మారింది, ఈ ఆరు మీటలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. తెలుగు మీడియం వాళ్లకు ఇంకో చిక్కుండేది. ఇంటర్లో చిట్టా, ఆవర్జా, అంకణా, అనామతు ఖాతా అని చదువుకుని వచ్చాం. ఇక్కడ జర్నల్, లెడ్జర్, ట్రయల్ బ్యాలెన్స్, సస్పెన్స్ అకౌంట్. సస్పెన్స్ అంటే మన అనామతేనని తెలిసిన రోజు మా బెంచీలో ఒకటే నవ్వులు.

ల్యాబ్‌లో నిజంగా అకౌంట్స్ నేర్పింది మీటలు కాదు, గ్రూపులు. ట్యాలీలో పుట్టుకతోనే 28 గ్రూపులుంటాయి. కొత్త లెడ్జర్, అంటే కొత్త ఖాతా తెరవగానే, ఇది ఏ గ్రూపు కింద అని అడుగుతుంది. షాపు అద్దెకు ఇచ్చిన అడ్వాన్స్‌ను మా ఫ్రెండ్ ఇన్‌డైరెక్ట్ ఎక్స్‌పెన్సెస్ కింద పెట్టింది. అంకణా కలిసింది, అంటే డెబిట్, క్రెడిట్ మొత్తాలు సరిపోయాయి, లాభం మాత్రం యాభై వేలు తగ్గింది. గంటసేపు ముగ్గురం తల పట్టుకున్నాం. తిరిగొచ్చే డబ్బు ఖర్చెలా అవుతుందని ఎవరికో తట్టి, డిపాజిట్స్ గ్రూపులోకి మార్చగానే లాభం మళ్లీ సరిపోయింది. అంకణా కలిసినంత మాత్రాన లెక్క సరైనట్టు కాదని పుస్తకంలో ఓ పేజీ ఉంది. ఆ పేజీ నాకు ఆ గంటలో అర్థమైంది.

ఇక త్వరగా పాతబడిన భాగం పన్నులు. మేం అప్పటి అమ్మకం పన్ను వ్యాట్ నేర్చుకున్నాం. 5 శాతం, 14.5 శాతం, ఇన్‌పుట్, అవుట్‌పుట్ అని రికార్డులో సగం అదే. 2017 జులై 1న జీఎస్టీ రావడంతో ఆ సగం రద్దయిన నోటులా మిగిలిపోయింది. దీనికి కాలేజీని ఏమీ అనలేం. పన్నులు మారతాయి, అలా మారేవాటిని కంఠతా పట్టించడంలోనే తప్పుంది.

ఏఐఎస్ పేపర్‌లో మొదటి యూనిట్ అంతా నిర్వచనాలు. డేటాకీ ఇన్ఫర్మేషన్‌కీ తేడా, మంచి సమాచారానికి ఉండాల్సిన లక్షణాలు, ఇలాంటివే. రెండో యూనిట్‌లో పార్టీల పేర్లు, చిరునామాల్లాంటి స్థిరమైన వివరాలుండే మాస్టర్ ఫైలు, రోజువారీ బిల్లులుండే ట్రాన్సాక్షన్ ఫైలు. మూడులో కొనుగోలు, అమ్మకం, జీతాల సైకిళ్లు, వాటి ఫ్లోచార్టులు. నాలుగులో తప్పులు, మోసాలు జరగకుండా కంపెనీ లోపల పెట్టుకునే కట్టుబాట్లు, అంటే ఇంటర్నల్ కంట్రోల్. ఐదులో కంపెనీ పనులన్నీ ఒకేచోట నడిపే ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్ గురించి నాలుగు పేజీలు. సార్ మొదటి యూనిట్‌ను రెండు నెలలు చెప్పి, చివరి రెండింటినీ వారంలో పరిగెత్తించారు. "నాలుగో యూనిట్ ఛాయిస్‌లో వదిలేయండమ్మా, మూడులో ఫ్లోచార్టు గ్యారంటీగా వస్తుంది" అన్నారు. నిజంగానే వచ్చింది, పది మార్కులు.

ఆ ఛాయిస్‌లో వదిలేసిన యూనిట్ మీదే ఇప్పుడు నా జీతం నడుస్తోంది. ఎలాగో చెప్తాను.

ఆడిటర్ గారి ఆఫీసులో చేరిన ఏడాదికే జీఎస్టీ వచ్చింది. మా క్లయింట్లలో చాలామందికి సరిహద్దు అవతల ఖాతాదారులున్నారు. మధిర వ్యాపారికి నందిగామ, జగ్గయ్యపేట పక్క ఊళ్లే కదా. 2014 జూన్ 2 దాకా ఒకే రాష్ట్రం కాబట్టి పన్నులో తేడా లేదు. జీఎస్టీలో తెలంగాణ వ్యాపారి రిజిస్ట్రేషన్ నంబరు 36తో, ఆంధ్రప్రదేశ్ వ్యాపారిది 37తో మొదలవుతుంది. ఇక్కడిక్కడే అమ్మితే కేంద్రం వాటా సీజీఎస్టీ, రాష్ట్రం వాటా ఎస్‌జీఎస్టీ. సరిహద్దు దాటితే ఐజీఎస్టీ. ఒక షాపులో జగ్గయ్యపేట పార్టీకి నాలుగు నెలలపాటు ప్రతి బిల్లులోనూ సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ పడిపోయాయి. షాపులో కుర్రాడిని ఓనర్ తిట్టని తిట్టు లేదు. పాపం, లెక్కలో వాడి తప్పేమీ లేదు. బిల్లు కొడుతూ మధ్యలో ఆల్ట్ సి నొక్కి హడావుడిగా లెడ్జర్ తెరిచినప్పుడు, రాష్ట్రం అన్నచోట అలవాటుగా తెలంగాణ అని పెట్టేశాడంతే. ఆ ఒక్క గడిని నమ్ముకుని సాఫ్ట్‌వేర్ నాలుగు నెలలూ ఎంతో శ్రద్ధగా తప్పు పన్ను వేసింది. సరైన పన్ను మళ్లీ కట్టి, తప్పుగా కట్టినదానికి రీఫండ్ పెట్టుకోవాల్సి వచ్చింది. ట్రాన్సాక్షన్‌లో తప్పు ఒక్క బిల్లుతో పోతుంది, మాస్టర్‌లో తప్పు ప్రతి బిల్లులోకీ పాకుతుంది. రెండో యూనిట్‌లో ఐదు మార్కుల ప్రశ్న ఇది. తేడాలు రెండు కాలమ్‌లుగా గీసి రాశాను, మార్కులూ వచ్చాయి. రాసేటప్పుడు మాత్రం దాని అర్థం తెలియదు.

ఫ్లోచార్టుల కథ ఇంకా బాగుంటుంది. కొనుగోలు సైకిల్ గీయాలంటే ఇండెంటు, పర్చేజ్ ఆర్డరు, సరుకు అందిన రిపోర్టు, సప్లయర్ బిల్లు, ఒక్కోదానికీ అడుగున అల తిరిగిన డబ్బా. కాగితం ఫైల్లోకి పోయేచోట తలకిందుల త్రికోణం, లోపల ఒక ఇంగ్లీషు అక్షరం. నంబరు వరసలో పెడితే ఎన్, పేర్ల వరసలో ఏ, తేదీల వరసలో డి. పర్చేజ్ ఆర్డరు కాపీ ఒకటి గోడౌన్‌కు కూడా పోతుంది, దాని మీద పరిమాణం గడి మాత్రం ఖాళీగా ఉంటుంది. బ్లైండ్ కాపీ అంటారు. ఎందుకు ఖాళీగా ఉంచుతారో క్లాసులో మేం అడగలేదు, సార్ చెప్పలేదు.

ఆడిటర్ గారు ఓసారి స్టాక్ చూసి రమ్మని పైపులు, మోటార్ల షాపు గోడౌన్‌కు పంపారు. నాతోపాటు మా ఆఫీసులో పాతికేళ్లుగా లెక్కలు రాస్తున్న బాబాయ్ గారు వచ్చారు. రిజిస్టర్‌లో పైపులు 200 అని ఉంది. మేం ఎండలో నిలబడి లెక్కపెడితే 188. గోడౌన్ కుర్రాడిని బాబాయ్ గారు కోప్పడలేదు. "బండి వచ్చినప్పుడు నువ్వు ముందు ఏం చూస్తావు నాయనా?" అని అడిగారు. "బిల్లు చూస్తానండీ" అన్నాడు వాడు. "బిల్లులో ఎంతుంటే అంతే రాస్తావు, అంతేనా?" వాడు తలూపాడు. బాబాయ్ గారు నా వైపు తిరిగి, "చూశావా అమ్మాయ్, ముందే అంకె చూపిస్తే ఎవడు లెక్కపెడతాడు?" అన్నారు. ఆ ఖాళీ గడి నా కళ్ల ముందు అప్పుడు కదిలింది. బాబాయ్ గారు ఏఐఎస్ పేరు కూడా వినలేదు.

హైదరాబాద్ ఉద్యోగానికి ఈ చదువు నేరుగా సరిపోలేదు, అదీ చెప్పాలి. ఐదో యూనిట్‌లోని నాలుగు పేజీలు చూసి ఎవరూ ఉద్యోగమివ్వరు. అమీర్‌పేటలో హాస్టల్లో ఉండి మూడు నెలలు పెద్ద కంపెనీలు వాడే ఎస్‌ఏపీ అనే ఈఆర్‌పీలో లెక్కల భాగం, ఫైకో, నేర్చుకున్నాను. ఎఫ్‌బీ60లో బిల్లు ఎక్కించడం, మిగోలో సరుకు రాక, మిరోలో ఆర్డరు మీద వచ్చిన బిల్లు, ఈ కోడ్‌లన్నీ అక్కడివే. అయితే ఒక విషయం గమనించాను. ఆర్డరు, సరుకు రాక, బిల్లు మూడూ సరిపోతేనే డబ్బు కదలాలనే త్రీ వే మ్యాచ్ దగ్గర మిగతా బ్యాచ్ రెండు రోజులు తంటాలు పడింది. నాకు గంట కూడా పట్టలేదు. పది మార్కుల కోసం గీసిన బొమ్మే స్క్రీన్ మీద కదులుతున్నట్టుంది.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది మా టీమ్ ఒకే బిల్లును రెండుసార్లు చెల్లించింది. ఒకసారి బిల్లు నంబరు 457 అని ఎక్కింది, ఇంకోసారి 0457 అని. రెండో కాపీ మెయిల్లో వచ్చింది, వేరే ఆమె ఎక్కించింది. సిస్టమ్‌కు అవి రెండు వేరు నంబర్లు. ఆ ముందున్న సున్నా విలువ మూడు లక్షల పైచిలుకు. సప్లయర్ మంచివాడు కాబట్టి తర్వాతి బిల్లులో తగ్గించుకున్నాడు. ఇప్పుడు నంబరును ఎలా టైపు చేయాలో మాకు ఒక పేజీ నియమాలున్నాయి. నేను బిల్లు ఎక్కించగలను, డబ్బు విడుదల చేయలేను. సప్లయర్ బ్యాంకు ఖాతా నంబరు నాకు కనిపిస్తుంది, మార్చే అధికారం లేదు. కొత్తగా చేరినవాళ్లు ఇవన్నీ తమ మీద అనుమానమనుకుని చిన్నబుచ్చుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. నిజానికి ఏదైనా తేడా వచ్చిన రోజు నన్ను కాపాడేవీ అవే.

నాలుగో యూనిట్ మాకు ఛాయిస్‌లో పోయిందని ఇంకా కడుపు మండే కారణం ఒకటుంది. మేం ఆ పేపర్ చదివేనాటికి హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం దొంగ లెక్కల కేసులో తీర్పు వచ్చి ఏడాది కూడా కాలేదు. 2009 జనవరి 7న ఆ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు తప్పు ఒప్పుకున్న ఉత్తరం బయటపడినప్పుడు నేను పదో తరగతి. పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేవని ఆ ఉత్తరం సారాంశం. 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్‌లోనే ప్రత్యేక కోర్టు దోషులని తేల్చింది. దర్యాప్తులో బయటపడిన దొంగ ఇన్‌వాయిస్‌లు 7,561. వాటిని కంపెనీ ఇన్‌వాయిస్ సిస్టమ్‌లోకే అన్ని అధికారాలూ ఉండే సూపర్ యూజర్ లాగిన్‌తో ఎక్కించి, మామూలు ఉద్యోగులకు కనబడకుండా దాచారు. ఎవరు ఎక్కించొచ్చు, ఎవరు చూడొచ్చు, ఎవరిని ఎవరు తనిఖీ చేయాలి అనే నాలుగో యూనిట్ మొత్తానికి ఇంతకంటే పెద్ద పాఠం మన ఊళ్లో ఇంకొకటి లేదు. మాకు మాత్రం విదేశీ కంపెనీల ఉదాహరణలు రెండు డిక్టేట్ చేశారు.

ఇంకో మార్పు కూడా చూశాను. ఆడిటర్ ఆఫీసు రోజుల్లో మార్చి నెలాఖరున క్లయింట్ల ఫోన్లు ఒకేలా ఉండేవి. "మేడమ్, ఆ ఎంట్రీ తీసేయండి." ఆల్ట్ డి నొక్కితే ఎంట్రీ మాయం, ఉన్నట్టు ఆనవాలు కూడా మిగలదు. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ నమోదయ్యే ఎడిట్ లాగ్ ఉండాలి, దాన్ని ఆపేసే వీలుండకూడదు. సొంత పేరు మీద నడిచే షాపులకు ఈ నియమం లేదు. కాబట్టి ఆ ఫోన్లు పూర్తిగా ఆగి ఉంటాయని నేననుకోను.

మార్కులు వేయమంటే ట్యాలీ ల్యాబ్‌కు ఐదుకు నాలుగు. ఏఐఎస్ పేపర్‌కు సరుకు చూస్తే నాలుగున్నర, మాకు చెప్పిన తీరు చూస్తే రెండు. మా చెల్లికి చెప్పింది మాత్రం తీసుకోమనే. నోట్సు చూసి ఫ్లోచార్టు గీయొద్దు, వీధి చివర మెడికల్ షాపులో ఒక పూట కూర్చుని, మందుల డబ్బా దిగినప్పటి నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు డబ్బు పోయేదాకా ఏ కాగితం ఎవరి చేతిలోకి వెళ్తుందో చూసి గీయమన్నాను. నాలుగో యూనిట్ ఎవరు వదిలేయమన్నా వదలొద్దన్నాను.

అంతా విని సరే అంది. నిన్న వాట్సాప్‌లో వాళ్ల తమ్ముడి రికార్డు ఫొటో పంపింది. వాడిప్పుడు బీకాం మొదటి సంవత్సరం. ట్యాలీప్రైమ్, జీఎస్టీ 18 శాతం, సరుకు రకాన్ని చెప్పే హెచ్‌ఎస్‌ఎన్ కోడ్, అన్నీ కొత్తవే. తేదీల కాలమ్ చూశాను. ఒకటి, రెండు, ముప్పై ఒకటి.