ఎనిమిదేళ్లూ ఉంచుకున్న గోల్డ్ బాండ్: పర్లాకిమిడి నుంచి నా సమీక్ష

2017 మార్చిలో కొన్న సార్వభౌమ పసిడి బాండుకి (బంగారం ధరకి ముడిపెట్టి ప్రభుత్వం ఇచ్చే బాండు) 2025 మార్చి 17న గడువు తీరి డబ్బు చేతికొచ్చింది. 2020 ఆగస్టులో కొన్నది ఇంకా నడుస్తోంది. ఈ మధ్యలో మా ఊరు తుపాను చూసింది, లాక్‌డౌన్ చూసింది. బ్యాంకు వడ్డీలు పడిపోవడం, పది గ్రాముల బంగారం లక్ష దాటడం కూడా చూశాం. లాభం ఎంతొచ్చిందో చెప్పి ఊరుకుంటే చదివేవాళ్లకి పెద్దగా పనికిరాదు. డబ్బు విషయంలో భయం వేసిన ప్రతిసారీ ఈ బాండు మాకు ఏ మేరకు అక్కరకొచ్చిందో చెప్పాలని రాస్తున్నాను. నా తీర్పు ముందే చెప్పేస్తాను: దాచుకోవడానికి ఇంతకంటే మంచి బంగారం నేను చూడలేదు. అవసరానికి బయటికి తీయాలంటే మాత్రం దీన్ని నమ్ముకోకూడదు.

మాది ఒడిశా గజపతి జిల్లా పర్లాకిమిడి. కాస్త దూరం వెళ్తే పాతపట్నం, ఆంధ్ర. మావారిది ఇనుప సామాన్లు, పైపుల కొట్టు. వానాకాలంలో ఇళ్ల పనులు ఆగిపోతే బేరాలు ఉండవు, వేసవిలో తీరిక ఉండదు. నెలనెలా ఇంతని వచ్చే జీతం కాదు. ఇంటి డబ్బు లెక్కలు నేను చూస్తాను. మా వైపు ఇళ్లలో పొదుపంటే పోస్టాఫీసు, చీటీ, బంగారం. కాగితం చూపించి డబ్బు కట్టమనేవాళ్లంటే జనానికి నమ్మకం పోయింది. కారణం లేకపోలేదు. ఎక్కువ వడ్డీ ఆశ చూపి డిపాజిట్లు పోగేసిన కంపెనీలు ఒడిశాలో వరసగా మూతపడ్డాయి. ఆ కేసుల దర్యాప్తుని 2014 మేలో సుప్రీంకోర్టు సీబీఐకి అప్పగించింది. ఏజెంటు మన ఊరివాడే కదా అని కట్టి పోగొట్టుకున్నవాళ్లు మా వీధిలోనూ ఉన్నారు.

అందుకే నేను బాండు మాట ఎత్తగానే అత్తయ్య మొదట అడిగింది వడ్డీ గురించి కాదు. "ఈ కాయితానికి పూచీ ఎవలమ్మా?" అంది. భారత ప్రభుత్వం తరఫున రిజర్వ్ బ్యాంకు ఇస్తుందని చెప్పాను. "బాగానే ఉంది. మరి బంగారం ఏదీ?" అంది. ఆ రెండో ప్రశ్న ఎంత పెద్దదో మాకు మూడేళ్ల తర్వాత తెలిసొచ్చింది.

కొన్న సమయం చెప్పాలి. 2016 నవంబర్‌లో నోట్లు రద్దయ్యాక కొట్టు డబ్బంతా బ్యాంకులోకి వెళ్లింది. అందరి డబ్బూ అలాగే వచ్చి చేరడంతో బ్యాంకులు డిపాజిట్ల మీద వడ్డీ తగ్గించడం మొదలుపెట్టాయి. అంతకు ఏడాది ముందు, 2015 నవంబర్‌లో, ప్రభుత్వం ఈ బాండ్లు తెచ్చింది. అప్పుడప్పుడు విడతలుగా అమ్మేవారు. గ్రాముల లెక్కన కొనాలి, గడువు ఎనిమిదేళ్లు. ఐదేళ్లు నిండాక కావాలంటే వడ్డీ తేదీల్లో వెనక్కి ఇచ్చేయొచ్చు. మా విడతకి కట్టిన సొమ్ముమీద ఏటా రెండున్నర శాతం వడ్డీ ఆరు నెలలకోసారి ఖాతాలో పడుతుంది. చివర్లో అప్పటి 999 స్వచ్ఛత (మేలిమి) బంగారం ధర ఇస్తారు. 2017 మార్చి విడతలో గ్రాముకి 50 రూపాయల తగ్గింపు పోను 2,893 పడింది. మేము ఇరవై గ్రాములు తీసుకున్నాం, 57,860 రూపాయలు. శ్రీకాకుళం వెళ్లి అదే డబ్బుతో నగ కొంటే తరుగు, మజూరీ కింద కొంత అక్కడే పోయేది. ఇక్కడ కట్టిన ప్రతి రూపాయీ బంగారంలోకే వెళ్లింది.

మొదటి పరీక్ష 2018 అక్టోబర్ 11న వచ్చింది. తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా జిల్లా మీద విరుచుకుపడింది. కొట్టు రేకులు లేచిపోయాయి. బీరువా పైఅరలో ఉన్న బాండు సర్టిఫికెట్ తడిసి ముద్దయింది. దాని గురించి దిగులు పడాల్సిన పని లేకపోయింది. లెక్క రిజర్వ్ బ్యాంకు దగ్గర ఉంటుంది కనుక బ్యాంకులో మళ్లీ ప్రింటు తీసి ఇచ్చారు. నగలుంటే ఆ రేకుల కింద వెతుక్కుంటూ కూర్చునేవాళ్లం. కానీ కరెంటు లేని, ఏటీఎం పని చేయని ఆ రోజుల్లో మమ్మల్ని నడిపింది మాత్రం ఇంట్లో ఉన్న కాసిని నోట్లు. అప్పటినుంచి మూడు నెలల ఖర్చుకి సరిపడా సేవింగ్స్ ఖాతాలో, పది రోజులకి సరిపడా నోట్లు ఇంట్లో ఉంచుతున్నాం. పెట్టుబడి గురించి అడిగే ఎవరికైనా నేను మొదట చెప్పేది ఇదే. దీని మీద పెద్దగా వడ్డీ రాదు కదా అనేవాళ్లున్నారు. ఈ డబ్బు ఉండబట్టే మిగతా డబ్బుని కదపకుండా ఉంచగలిగాం.

రెండోది లాక్‌డౌన్. 2020 మార్చి 23న షేర్ల సూచీ సెన్సెక్స్ ఒక్కరోజులో 3,934 పాయింట్లు పడింది. రెండు రోజులకే కొట్టుకి తాళం పడింది. నెలకి కొంత చొప్పున ఇండెక్స్ ఫండ్‌లో (అలాంటి సూచీలోని షేర్లు కొనే ఫండ్) వేస్తున్న సిప్ నష్టంలో ఉంది. బాండు సంగతి చూస్తే ఏప్రిల్‌లో కొత్త విడత గ్రాము 4,639కి ఇచ్చారు. అంటే మేము కొన్నదాని విలువ మూడేళ్లలో అరవై శాతం పెరిగినట్టే. టీవీలో ఏ వార్త చూసినా టెన్షన్ పుట్టే ఆ రోజుల్లో ఈ ఒక్క లెక్క ధైర్యమిచ్చింది.

ధైర్యం సరే, డబ్బు కావాలి. కొట్టు మూసి ఉన్నా సరుకు తెచ్చిన బాకీ విశాఖపట్నంలో అలాగే ఉంది, గోదాము అద్దె ఆగదు. బాండుకి ఐదేళ్లు నిండలేదు కాబట్టి వెనక్కి ఇవ్వడానికి లేదు. డీమ్యాట్‌లో (షేర్లు దాచే ఎలక్ట్రానిక్ ఖాతా) లేదు కాబట్టి స్టాక్ ఎక్స్ఛేంజీలో అమ్మడానికీ లేదు. తాకట్టు పెట్టి అప్పు తీసుకోవచ్చని పథకం నిబంధనల్లోనే ఉంది. ఆ కాగితం పట్టుకుని బ్యాంకుకి వెళ్తే అక్కడి ఆఫీసరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఈ రకం లోను మా బ్రాంచిలో ఇప్పటిదాకా ఎవరికీ ఇవ్వలేదు, పైవాళ్లని అడగాలి అన్నారు. మళ్లీ వెళ్తే మళ్లీ అదే మాట.

అత్తయ్య తన గాజులు తీసి ఇచ్చింది. అదే బ్యాంకు, అదే కౌంటరు. అప్రైజరు గాజుని గీటురాయి మీద గీశాడు, ఆ గీత మీద యాసిడ్ చుక్క వేశాడు, రంగు చూశాడు, తక్కెడలో పెట్టి బరువు రాసుకున్నాడు. గంటలో డబ్బు ఖాతాలో పడింది. ఆ ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు నగల మీద అప్పుని విలువలో 75 నుంచి 90 శాతం దాకా పెంచుకోవచ్చని 2021 మార్చి వరకు సడలింపు కూడా ఇచ్చింది. బాండుకి ఎంత ప్రభుత్వ పూచీ ఉన్నా, గాజు చేసిన పని అది చేయలేకపోయింది. అత్తయ్య "బంగారం ఏదీ" అని అడిగింది దీని గురించే. మా ఇళ్లలో బంగారమంటే ధర పెరిగే వస్తువు మాత్రమే కాదు. కష్టం వచ్చినప్పుడు ఎవరి గుమ్మం తొక్కకుండా, ఎవరికీ సంజాయిషీ ఇవ్వకుండా అప్పు పుట్టించేది కూడా. మొదటిదానికి బాండు చక్కగా సరిపోతుంది, రెండోదానికి సరిపోదు.

ఇక్కడ ఇంకో సంగతి కూడా చెప్పాలి. గాజుల మీద అప్పు దొరకబట్టే నష్టంలో ఉన్న సిప్‌ని అమ్ముకోలేదు, ఆపలేదు. మార్కెట్ కోలుకున్నాక ఆ యూనిట్లు మంచి విలువకి వచ్చాయి. గాజులు విడిపించుకున్నాం. భయం వేసినప్పుడు ఏది అమ్మాలో ఆలోచించేముందు దేని మీద అప్పు పుడుతుందో చూసుకోవాలని నాకు అప్పుడే గట్టిగా అనిపించింది.

2020 ఆగస్టుకి బంగారం మాటే అందరి నోటా. షేర్లంటే భయం, డిపాజిట్ల వడ్డీ నేలకి దిగింది, రెపో రేటు (బ్యాంకులకి రిజర్వ్ బ్యాంకు ఇచ్చే అప్పు మీద వడ్డీ) నాలుగు శాతం. ఆ విడత గ్రాము 5,334. ఆన్‌లైన్‌లో కడితే 50 తగ్గింది. పది గ్రాములు తీసుకున్నాం. 2021 మార్చి విడత 4,662కి వచ్చేసరికి మాతోపాటు కొన్న ఒక మాస్టారు ఫోన్ మీద ఫోన్ చేశారు, అమ్మేసే దారి ఏదైనా ఉందా అని. ఆయనదీ నాలాగే సర్టిఫికెట్ రూపంలోని బాండు, డీమ్యాట్‌లోకి మార్పించుకుంటే తప్ప దారి లేదు. డీమ్యాట్‌లో ఉన్నవాళ్లకి దారి ఉంది గానీ కొనేవాళ్లు తక్కువ, బంగారం ధర కన్నా తక్కువకే ఇచ్చుకోవాల్సి వచ్చేది. ఆయన బాండు ఈరోజుకీ ఆయన దగ్గరే ఉంది, ఇప్పుడు ఆయన సంతోషంగానే ఉన్నారు. బంగారం ధర ఎప్పుడూ పెరుగుతూనే ఉంటుందని మాత్రం ఎవరైనా చెబితే నమ్మకండి. 2012-13లో పది గ్రాములు 30 వేల చుట్టూ తిరిగింది. 2015లో మొదటి బాండు వచ్చేనాటికి గ్రాము 2,684. మధ్యలో కొన్నవాళ్లు ఏళ్ల తరబడి నష్టంలో కూర్చున్నారు.

వడ్డీ విషయం. మార్చిలో ఒకసారి, సెప్టెంబర్‌లో ఒకసారి ఏడు వందల పైచిలుకు పడేది. చిన్న మొత్తమే, కానీ ఇంట్లో పడి ఉన్న నగ మీద ఒక్క రూపాయి కూడా రాదు. నా ఖాతా ఉన్న బ్యాంకు మరో బ్యాంకులో విలీనమై ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ మారినప్పుడు ఒక విడత వడ్డీ ఆలస్యమైంది. మీ బాండుకి ఏ ఖాతా ముడిపెట్టి ఉందో, నామినీ ఎవరో, ఫోన్ నంబరు పాతదేమో గడువుకి చాలా ముందే సరిచూసుకోండి. నాలాగా పుట్టిల్లు ఆంధ్రలో, అత్తిల్లు ఒడిశాలో ఉన్నవాళ్లకి ఆధార్‌లో ఒక ఇంటిపేరు, పాన్‌లో ఇంకో ఇంటిపేరు ఉండటం మామూలే. దాన్ని కూడా సరిచేయించుకోవాలి.

గడువు తీరిన రోజు గ్రాముకి 8,624 చొప్పున 1,72,480 రూపాయలు ఖాతాలో పడ్డాయి. ధర ఒక్కటే చూసినా ఏటా చక్రవడ్డీ లెక్కన 14 శాతం పైన. గడువు దాకా ఉంచుకున్నాం కనుక ఆ లాభం మీద పన్ను లేదు, వడ్డీని మాత్రం ఆదాయంలో చూపించాలి. పాప పెళ్లికి నగ చేయిద్దామని ముందు అనుకున్నాం. కానీ బాండు డబ్బుతో అంతే బరువు నగ వస్తుందని లెక్క వేసుకుంటే పొరపాటే. బాండు ఇచ్చేది ముడి బంగారం ధర. నగ 22 క్యారెట్లే అయినా తరుగు, మజూరీ, మూడు శాతం జీఎస్టీ కలిపితే ఇరవై గ్రాముల నగకి ఆ డబ్బు చాలలేదు. చివరికి పాప ఇంజనీరింగ్ ఫీజు కట్టాం, మిగతాది పోస్టాఫీసులో వేశాం. ఆ తర్వాత అక్టోబర్‌లో పది గ్రాములు లక్షా ఇరవై వేలు దాటితే, ఆగాల్సిందని చుట్టాలు అన్నారు. గడువు తీరాక ఆగే వీలు లేదు, వడ్డీ కూడా అక్కడితో ఆగిపోతుంది. ఫీజు తేదీ బంగారం ధర కోసం ఆగదు.

పోలిక కోసం మామయ్యగారి సీనియర్ సిటిజన్ పథకం సంగతీ చెబుతాను. 2020లో పోస్టాఫీసులో ఐదు లక్షలు వేశాం, వడ్డీ 7.4 శాతం, మూడు నెలలకి 9,250. మధ్యలో రేటు 8.2కి పెరిగినా పాత ఖాతాకి పాత వడ్డీయే. ఐదేళ్లయ్యాక మూడేళ్లు పొడిగిస్తే కొత్త రేటు వచ్చింది, ఇప్పుడు 10,250. ఆయన మందులు, పాలు, పేపరు దీంట్లోనే వెళ్తాయి. బాండు తెచ్చినంత లాభం ఇది తేదు. కానీ జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ మొదటి తేదీన డబ్బు పడుతుందని తెలిసి ఉండటం ఆ వయసు మనిషికి ఎంత నిశ్చింతో మా ఇంట్లో చూస్తున్నాను. అందుకే పెద్దవాళ్ల డబ్బుతో బంగారం బాండు కొనమని ఎవరికీ చెప్పను.

కొత్తగా కొనాలనుకునేవాళ్లకి ఇబ్బంది ఏమిటంటే, 2024 ఫిబ్రవరి తర్వాత ప్రభుత్వం కొత్త విడతలు ఇవ్వలేదు. ఈ దారిలో తెచ్చే అప్పు ఖర్చు ఎక్కువవుతోందని 2025 బడ్జెట్ సమయంలో చెప్పారు. ఇంత మంచి పథకం ఆగిపోవడం నాకు నిజంగా బాధగా ఉంది. మా ఊరివాళ్లు కాగితం బంగారాన్ని నమ్మడం అప్పుడప్పుడే మొదలైంది. ఇప్పుడు ఎక్స్ఛేంజీలో పాత బాండ్లు కొనాలి, లేదా గోల్డ్ ఈటీఎఫ్ (షేర్లలా కొనే బంగారం ఫండ్) చూడాలి. యాప్‌లలో అమ్మే డిజిటల్ గోల్డ్ మాత్రం వద్దు. అది తమ నియంత్రణలో లేదని 2025 నవంబర్‌లో షేర్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీయే హెచ్చరించింది. పూచీ ఎవరిదని అత్తయ్య అడిగిన ప్రశ్నకి దాని దగ్గర సరైన జవాబు లేదు.

మా రెండో బాండుకి 2025 ఆగస్టు 11తో ఐదేళ్లు నిండాయి. ఆరు నెలలకోసారి వెనక్కి ఇచ్చే అవకాశం వస్తోంది, ఆ తేదీల జాబితా రిజర్వ్ బ్యాంకు ముందే ప్రకటిస్తుంది. ఇవ్వదలచుకోలేదు. 2028 ఆగస్టు దాకా ఉంచి, పాప పై చదువుకి వాడతాం. ఈలోపు కొట్టుకి ఇబ్బంది వస్తే ముందు సేవింగ్స్ ఖాతా, చాలకపోతే గాజులు. బాండు జోలికి వెళ్లం.