ట్యూబులా, స్ట్రిప్పా, మెషినా: చిన్న ల్యాబ్‌కి ఏది మేలు?

తిరుపతి, చిత్తూరు, పలమనేరు పక్క సొంతంగా ల్యాబ్ పెట్టుకున్నోళ్ళు, ఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు) చదివి కొత్తగా డ్యూటీకి వచ్చిన పిల్లలు తరచుగా అడిగేది ఒకటే, కల్చర్‌లో గ్రోత్ వచ్చినాక అది ఏ బ్యాక్టీరియానో తేల్చడానికి ఒక్కో టెస్టుకి ఒక్కో మీడియం పోసిన పాత ట్యూబులే పెట్టుకోవాల్నా, చిన్న చిన్న టెస్టులన్నీ ఒకే పట్టీ మీద ఉండే ఏపీఐ స్ట్రిప్ తెప్పించుకోవాల్నా, లేకపోతే అప్పు చేసైనా తనంతట తానే పేరు చెప్పే వైటెక్ లాంటి మెషిన్ కొనాల్నా అని. నా మాట ముందే చెప్పేస్తా. రోజుకి నాలుగైదు కల్చర్లు వచ్చే చోట స్పాట్ టెస్టులు (కాలనీ మీద ఒక చుక్కతో అప్పటికప్పుడే చేసేవి), ఒక అరడజను ట్యూబులు చాలు. స్ట్రిప్ అవసరానికి దగ్గర పెట్టుకోండి, మెషిన్ పెద్దాసుపత్రులకి వదిలెయ్యండి.

డాక్టర్ ఫోన్ చేసి "ఏమన్నా తెలిసిందా అమ్మా?" అంటే ప్లేట్ చూసిన పది నిమిషాల్లో ఏదో ఒక మాట చెప్పగలిగేది స్పాట్ టెస్టుతోనే. గ్రామ్ పాజిటివ్ కోకై (గుండ్రటి బ్యాక్టీరియా) అయితే క్యాటలేజ్ టెస్టుకి 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క, బుడగలొస్తే స్టెఫైలోకాకస్ వైపు, రాకపోతే స్ట్రెప్టోకాకస్ వైపు. బ్లడ్ అగార్ మీద కాలనీ తీసేటప్పుడు అడుగున ఉన్న రక్తం తగలకూడదు, ఎర్రకణాల్లోనే క్యాటలేజ్ ఉంటాది కాబట్టి ఉత్తినే బుడగలొస్తాయి.

ఆక్సిడేజ్ ఇంకా జాగ్రత్తగా చెయ్యాల. ఫిల్టర్ పేపర్ మీద రీఏజెంట్ చుక్క వేసి, పుల్లతోనో ప్లాస్టిక్ లూప్‌తోనో కాలనీని రుద్దితే 10 సెకన్లలోపు ముదురు ఊదా రంగు రావాల, ఆ తర్వాత నిదానంగా వచ్చే రంగుని లెక్కలోకి తీసుకోవద్దు. నైక్రోమ్ లూప్ వాడితే లోహం వల్లే రంగు వచ్చేస్తాది. మెకాంకీ అగార్ (లాక్టోజ్ కలిపిన ప్లేట్) మీద లాక్టోజ్‌ని పులియబెట్టిన కాలనీతో చెయ్యకండి, ఆ యాసిడ్‌కి పాజిటివ్ కూడా నెగటివ్‌గా కనపడొచ్చు. రీఏజెంట్ గాలికీ వెలుతురుకీ పాడైపోతాది, అందుకే కొంచెం కొంచెం తాజాగా కలుపుకుని, ప్రతిసారీ సూడోమోనాస్‌తో పాజిటివ్, ఈ.కోలైతో నెగటివ్ చూసుకున్నాకే పేషెంట్ కాలనీ ముట్టుకోండి.

యూరిన్ కల్చర్లలో ఎక్కువ భాగం ఈ.కోలైయే కదా, మెకాంకీ మీద గులాబీ రంగు కాలనీ, ఆక్సిడేజ్ నెగటివ్, బ్లడ్ అగార్ నుంచి తీసిన కాలనీతో స్పాట్ ఇండోల్ పాజిటివ్ అంటే చాలావరకు అదే. వీటికి స్ట్రిప్ ఖర్చు పెట్టడం పేషెంట్ మీద అనవసర భారం.

ఇక ట్యూబులు. ఆలస్యం నిజమే, టీఎస్ఐకి (మూడు చక్కెరలు, ఇనుము కలిపిన వాలు ట్యూబు) ఒక రాత్రి పడతాది, ఎంఆర్‌కి (మిథైల్ రెడ్ టెస్టు) 48 గంటలు ఆగాల. కానీ టైఫాయిడ్ బ్లడ్ కల్చర్ వచ్చినప్పుడు టీఎస్ఐ చూడండి, పైన వాలు ఎర్రగా, అడుగు పసుపుగా, గ్యాస్ లేకుండా, రెండూ కలిసే చోట సన్నటి మీసం మాదిరి నలుపు, సిట్రేట్ ట్యూబు పచ్చగానే ఉండిపోతాది, అంటే నెగటివ్. పారాటైఫాయిడ్ తెచ్చే సాల్మొనెల్లా పారాటైఫి ఏ అయితే గ్యాస్ ఉంటాది, నలుపు మామూలుగా రాదు. తర్వాత యాంటీసీరమ్‌తో అగ్లుటినేషన్ (గడ్డకడతాదా అని చూసే టెస్టు) చేసి ఖాయం చేసుకోవాల. ఈ తేడా కళ్ళతో చూసి నేర్చుకున్నోళ్ళు ఏ మెషిన్ ముందు కూర్చున్నా తప్పు పేరు వస్తే ఇట్టే పట్టేస్తారు.

ఏపీఐ 20ఈ మంచిదే, 20 గుంటలు, 18 నుంచి 24 గంటలు, చివరికి బ్యాక్టీరియా పేరు వెతుక్కునే ఏడంకెల కోడ్. ట్యూబులు ఒకదానికొకటి పొంతన లేకుండా వచ్చినప్పుడు ఇదే దిక్కు. కానీ పేరుకి ర్యాపిడ్ అంటారే గానీ అదీ మర్నాటికే. ఏడీహెచ్, ఎల్‌డీసీ, ఓడీసీ, హెచ్‌టూఎస్, యూరియా గుంటల మీద మినరల్ ఆయిల్ మర్చిపోతే కోడే మారిపోతాది. పెట్టె 2 నుంచి 8 డిగ్రీల్లో ఉండాల, మన ఊళ్ళో ఎండాకాలం 40 దాటుతాది, చెన్నై నుంచి పార్సిల్లో వచ్చేటప్పుడు ఐస్ ప్యాక్ చల్లగా ఉందా లేదా చూసుకునే దించుకోండి. వాడకం తక్కువైతే సగం పెట్టె ఎక్స్‌పైరీకే పోతాది.

వైటెక్ 2 కార్డు గ్రామ్ నెగటివ్‌లని 10 గంటల్లోపు చెప్తాది, యాంటీబయాటిక్ ఎంఐసీ (బ్యాక్టీరియా పెరగకుండా ఆపే కనీస మోతాదు) కూడా వేరే కార్డుతో ఇస్తాది, ఐసీయూ ఉన్న ఆసుపత్రికి అది పెద్ద మేలు. అయితే రెండు రకాల కాలనీలు కలిసిపోతే స్ట్రిప్పూ తప్పే చెప్తాది, మెషినూ తప్పే చెప్తాది. ఏది వాడినా అదే సస్పెన్షన్ (కాలనీ కలిపిన ద్రవం) నుంచి ఒక ప్యూరిటీ ప్లేట్ (ఒకే రకం ఉందా అని చూసేది) గీసి పెట్టుకోండి.

ఇంకొకటి గట్టిగా చెప్పాల. షుగర్ పేషెంట్, చీము గడ్డో నిమోనియానో, ఆక్సిడేజ్ పాజిటివ్, జెంటామైసిన్, కొలిస్టిన్ రెండూ రెసిస్టెంట్, కో-అమాక్సిక్లావ్ సెన్సిటివ్ అని వస్తే అది మెలియాయిడోసిస్ బ్యాక్టీరియా బర్ఖోల్డేరియా సూడోమల్లై కావచ్చు. దీన్ని ఏపీఐ 20ఎన్‌ఈ (ఇంకో రకం ఏపీఐ స్ట్రిప్), వైటెక్ రెండూ వేరే పేరుతో చెప్పిన సందర్భాలున్నాయి. ఆ ప్లేట్‌ని వాసన చూడొద్దు, బయట బెంచి మీద మళ్ళీ తెరవొద్దు, టేపు వేసి పక్కన పెట్టి, తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలోనో ఎస్వీ మెడికల్ కాలేజీలోనో మైక్రోబయాలజీ వాళ్ళకి ఫోన్ చేసి, పేషెంట్‌ని చూస్తున్న డాక్టర్‌కి కూడా ఆ గంటలోనే చెప్పండి.