గిటార్ కోసమే వినాలంటే: అటోలా, షైలాకా?

1970ల ఫ్రెంచ్ ప్రోగ్రెసివ్ రాక్ (సుదీర్ఘమైన, మలుపులున్న రచనల రాక్ సంగీతం) అనగానే మాగ్మా, ఆంజ్ బృందాల పేర్లు చెప్పి ఊరుకుంటారు. ఎలక్ట్రిక్ గిటార్ అంటే చెవి కోసుకునేవాళ్లకు నేను మరో రెండు రికార్డులు చెబుతాను. ఒకటి మెట్జ్ నగరం నుంచి వచ్చిన అటోల్ బృందానిది, 1975 నాటి ‘లారెన్యే-మాల్’. రెండోది నీస్ వాళ్లయిన షైలాక్ 1977లో తెచ్చిన ‘జియలోర్గ్’.

అటోల్‌లో గిటార్ వాయించింది క్రిస్టియన్ బేయా. అతని పక్కనే వయొలిన్‌తో రిషార్ ఓబేర్ ఉన్నాడు. ‘కజోత్ నంబర్ 1’లో మాటలు లేవు, ఇద్దరి మధ్య సవాల్-జవాబే. గిటార్, వయొలిన్ పోటాపోటీగా సాగే జాజ్-రాక్ బృందం మహావిష్ణు ఆర్కెస్ట్రాను విన్నవాళ్లకు ఈ దారి తెలిసిందే. వయొలిన్ ఉండటం బేయాకు మేలే చేసింది: ఎదుట పోటీ ఉంటే ఏ కచేరీలోనైనా వేళ్లకు పదును వస్తుంది కదా.

చిక్కు మిగతా పాటలతోనే. గాయకుడు ఆండ్రే బాల్జేర్‌ది రంగస్థలం మీద పాత్రధారి గొంతు. ‘ల ఫొటోగ్రాఫ్ ఎగ్జార్సిస్ట్’లో పాడటం కంటే చదవడమే ఎక్కువ అనిపిస్తుంది. రికార్డు రెండో వైపంతా నాలుగు భాగాల టైటిల్ పాటే. ఫ్రెంచ్ రాని నాకు అక్కడ గిటార్ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడటమే మిగిలింది.

షైలాక్‌తో ఆ బెడద లేదు. గిటార్, కీబోర్డు, డ్రమ్స్, మొత్తం ముగ్గురే. పాడేవాడు లేడు, బాస్ కోసం విడిగా మనిషీ లేడు. ఉన్నవి మూడే రచనలు. వాటి పేర్లు, వరుస తప్పకుండా చెబుతున్నాను: నాలుగోది, ఆరోది, ఐదోది! గిటారిస్టు ఫ్రెడరిక్ లెపే ఇంటిపేరుకు ఫ్రెంచ్‌లో కత్తి అని అర్థం. వాయిద్యంలో మాత్రం కత్తి దూసే తొందరేమీ లేదు. ఒక్క స్వరాన్ని పట్టుకుని, అది సన్నగా సాగి కీబోర్డు మీదుగా పైకి లేచేదాకా ఆగుతాడు. కింగ్ క్రిమ్సన్ బృందం గిటారిస్టు రాబర్ట్ ఫ్రిప్ నీడ దాచినా దాగదు, నిజమే. కానీ రికార్డు ఒక వైపంతా సాగే ‘ల సాంకియెమ్’ (ఐదోది)లో ఆ నీడ నెమ్మదిగా పలచబడుతుంది. వీణలో ఒక్క మీటుకే తీగ లాగి గమకం పలికించడం విని పెరిగిన చెవికి ఈ ఓపిక పరాయిగా తోచదు.

లియోన్ బృందం పల్సార్ తెచ్చిన ‘హాలోవీన్’ కూడా 1977 నాటిదే. అందంగానే ఉంటుంది, కానీ అక్కడ గిటార్ మంచులో కలిసిపోతుంది.

గిటార్ కోసమే అయితే నా ఓటు షైలాక్‌కే. అటోల్ నుంచి ‘కజోత్’ ఒక్కటి తీసుకుంటాను. వినేటప్పుడు మాత్రం ముందు ‘కజోత్’, తర్వాత ‘జియలోర్గ్’. తలకిందులు చేస్తే బేయా వేగం వట్టి హడావుడిలా వినిపిస్తుంది, పాపం అతని తప్పేమీ లేకుండానే.